పరుగెత్తే కాలికి ఊతకర్ర

బాలలూ! వేసవిలో మీరెప్పుడైనా నూజివీడు వెళ్ళారా? ఆగిరిపల్లి మీదుగా వెళ్ళినా, హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్ళినా దారి పొడవునా మామిడి తోటలే కనిపిస్తాయి. బంగినపల్లి, చిన్నరసం, కలెక్టరు కాయ - ఒక్కొక్క తోటలో ఒక్కొక్క రకం. కాయ కోసే మనిషి చేతిలో పొడవాటి దోటి, దాని కొసన వల అల్లిన చిక్కం ఉంటాయి. తొడిమ తెగిన కాయ నేలమీద పడకుండా చిక్కంలో పడుతుంది. ఒకవేళ జారి నేలమీద పడితే ఆ కాయను వేరే పోగులో వేస్తారు. అప్పటికి దానిమీద దెబ్బ కనిపించదు. రెండు మూడు రోజులు పోయాక పడినచోట తొక్క కింద మెత్తబడి, నల్లబడుతుంది.

మన వ్యాసం మామిడికాయ గురించి కాదు, కాలి ఎముక గురించి. కాని పడిన కాయకూ, పరుగెత్తిన కాలికీ జరిగేదాంట్లో భౌతికశాస్త్రం ఒక్కటే. పైగా రెండింటిలోనూ దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది.

ఇదే తోటల మధ్య రోడ్లమీద తెల్లవారుజామున వెళితే పరుగులు తీసే యువకులు ఎదురవుతారు. కొందరు సైన్యంలో చేరాలని, కొందరు పోలీసు ఉద్యోగం కావాలని సాధన చేస్తుంటారు. కోస్తా జిల్లాలకు ఈ ఆశ కొత్తది కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం గ్రామం నుంచి మొదటి ప్రపంచయుద్ధం నాటినుంచీ ఎందరో సైన్యంలో చేరారు. ఆ ఊరికి 'మిలిటరీ మాధవరం' అనే పేరే స్థిరపడిపోయింది. 2022 జూన్‌లో కేంద్రప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. ఆ ఏడు జరిగిన సైనిక ర్యాలీలలో అభ్యర్థి 1.6 కిలోమీటర్ల దూరాన్ని 5 నిమిషాల 30 సెకన్లలో పరుగెత్తితే పూర్తి మార్కులు వచ్చేవి. 5 నిమిషాల 45 సెకన్లు దాటితే ఇంటికే! కొన్ని సెకన్ల తేడాతో ఒక కుటుంబం భవిష్యత్తు మారిపోతుంది. అందుకే ర్యాలీ తేదీ తెలియగానే, అంతవరకు మైలు దూరమైనా పరుగెత్తనివాడు రోజుకు ఐదారు కిలోమీటర్లు పరుగెత్తడం మొదలుపెడతాడు. సరిగ్గా రెండో వారమో, మూడో వారమో వచ్చేసరికి మోకాలికీ చీలమండకూ మధ్య, ఎముక లోపలి అంచు వెంబడి నొప్పి పట్టుకొంటుంది.

ఈ నొప్పిని ఇంగ్లీషులో 'షిన్ స్ప్లింట్స్' అంటారు. సైనిక శిక్షణలో, ఆటల పోటీలలో ఇది చాలా మామూలు బాధ. ఉద్యోగానికి ఎంపికై శిక్షణకు వెళ్ళాక వచ్చినా ఇబ్బందే. కవాతు, పరుగు, బరువు మోయడం అన్నీ ఆగిపోతాయి, వెంట వచ్చినవాళ్ళు ముందుకు వెళ్ళిపోతారు. బూటు లోపల ఒక అట్ట పెట్టుకొంటే ఈ నొప్పి రాకుండా ఉంటుందా? ఈ ప్రశ్నకు జవాబు కోసం ప్రపంచంలో అనేక సైన్యాలు వేలమంది సైనికులమీద పరీక్షలు జరిపాయి. ఆ కథ చెప్పుకొనే ముందు కాలిని కాస్త పరిశీలిద్దాం.

కాలిమీద ఎంత బరువు పడుతుంది?

మోకాలి కింద రెండు ఎముకలున్నాయని మీ పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. లావుపాటిది అంతర్జంఘిక, పక్కనున్న సన్ననిది బహిర్జంఘిక. శరీరం బరువంతా దాదాపుగా అంతర్జంఘిక మీదనే దిగుతుంది. దాని కింద పాదంలో 26 ఎముకలు ఒక వంతెన కమానులాగా అమరి ఉన్నాయి. ఈ కమాను రాతి కమానులాగా బిర్రుగా ఉండదు. అడుగు పడగానే కొంచెం కుంగుతుంది, కాలు ఎత్తగానే మళ్ళీ లేస్తుంది. దాన్ని పట్టి ఉంచే కండరాలలో ముఖ్యమైనవి పిక్కలోనుంచే, అంతర్జంఘిక వెనుకవైపు నుంచే బయలుదేరి కిందికి వస్తాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

ఇప్పుడొక లెక్క వేద్దాం. 55 కిలోల బరువున్న యువకుడు పరుగెత్తుతున్నాడు. పరుగులో ఒక్కొక్క అడుగు పడినప్పుడు నేల తిరిగి కాలిని తోసే బలం శరీరం బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. మనం రెండున్నర రెట్లు అనుకొందాం. అంటే సుమారు 137 కిలోల బరువు మోసినట్లు. ఒక్కొక్క అంగ 1.15 మీటర్లయితే 1.6 కిలోమీటర్లకు దాదాపు 1,400 అడుగులు పడతాయి. ఒక్కొక్క కాలికి 700. అన్నీ కూడితే ఒక్క కాలు ఆ ఐదున్నర నిమిషాలలో మోసిన బరువు 96,000 కిలోలు దాటుతుంది! పది టన్నుల మామిడికాయలు ఎక్కించిన లారీలు దాదాపు పది. రోజూ ఆరు కిలోమీటర్లు పరుగెత్తేవాడి సంగతి మీరే లెక్క కట్టుకోండి. మీ బరువు, మీ అంగ పొడవు వేసి కూడా చూడండి.

ఇంత బరువు పడినా ఎముక ఎందుకు విరగదు? ఎముక రాయి కాదు, ప్రాణమున్న పదార్థం. ఎక్కువ బరువు మోసే ఎముక తన నిర్మాణాన్ని ఆ బరువుకు తగ్గట్టు మార్చుకొంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో వివరించాడు. అయితే ఈ మార్పుకు ఒక పద్ధతి ఉంది. రోడ్డు బాగుచేసేటప్పుడు ముందు పాతదాన్ని తవ్విపోసి, తరవాత కొత్త కంకర పరుస్తారు చూడండి, అలాగే ఎముకలో కొన్ని కణాలు పాత భాగాన్ని తవ్వేస్తాయి, మరికొన్ని కొత్త ఎముకను నింపుతాయి. తవ్వడానికి మూడు వారాలు చాలు. నింపి గట్టిపరచడానికి మూడు నెలలు పట్టవచ్చు. ఈ మధ్యకాలంలో ఎముక మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. గుంతలు పూడకముందే రోడ్డుమీద లారీలు వదిలితే ఏమవుతుంది? రెండో వారంలోనో, మూడో వారంలోనో నొప్పి మొదలు కావడంలో ఆశ్చర్యం లేదు కదూ! అప్పుడూ ఆగకుండా పరుగెత్తితే ఎముకలో సన్నని బీట ఏర్పడుతుంది.

ఈ బీటల సంగతి వైద్యులు సైనికుల కాళ్ళలోనే ముందు కనిపెట్టారు. 1855లో ప్రష్యా సైన్యంలో పనిచేసిన బ్రైట్‌హాప్ట్ అనే వైద్యుడు, దూరపు నడకల తరవాత సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడం గురించి రాశాడు. దెబ్బ తగలలేదు, పడిపోలేదు, మరి వాపు ఎందుకు? అప్పట్లో ఎవరికీ అంతుచిక్కలేదు. 1895లో రాంట్జన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నాడు. మరి రెండేళ్ళకే, 1897లో, అటువంటి పాదాలలో ఎముక బీటవారి ఉందని ఎక్స్‌రే ఫొటోలు చూపించాయి.

చిక్కం చేసే పని

మళ్ళీ మామిడి తోటకు వెళదాం. 300 గ్రాముల కాయ 3 మీటర్ల ఎత్తునుంచి పడితే నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు 7.7 మీటర్లు ఉంటుంది. గట్టి నేలమీద అది సెకనులో 200వ వంతు కాలంలో ఆగిందనుకోండి. వేగం మార్పును కాలంతో భాగించి, ద్రవ్యరాశితో గుణిస్తే బలం వస్తుంది. లెక్క కడితే కాయమీద పడిన బలం దాని బరువుకు సుమారు 150 రెట్లు! అదే కాయ చిక్కంలో పడి, వల సాగి, సెకనులో 20వ వంతు కాలంలో ఆగితే ఆ బలం 15 రెట్లకు దిగుతుంది. చిక్కం కాయను తేలిక చెయ్యలేదు, వేగం తగ్గించలేదు. ఆగడానికి వ్యవధి ఇచ్చింది, అంతే. గంపలో వరిగడ్డి పరిచి కాయలు పేర్చడంలోని కిటుకు కూడా ఇదే.

పాదానికి ప్రకృతి ఇచ్చిన వరిగడ్డి ఒకటి ఉంది. మడమ కింద ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల మందాన కొవ్వు దిండు ఉంటుంది. దాని కింద ఇంకో మెత్తని అట్ట వేస్తే ఇంకా మంచిది కదా అని ఎవరికైనా తోస్తుంది. బూటు లోపల, పాదం కింద పరిచే ఈ అట్టను ఇన్‌సోల్ అంటారు. వీటిలో రెండు జాతులున్నాయి. ఒకటి, నియోప్రీన్ వంటి కృత్రిమ రబ్బరుతోనో, నురుగు రబ్బరుతోనో చేసిన మెత్తని చదును అట్ట. ఇది చిక్కంలాంటిది. రెండోది అరికాలి వంపుకు అచ్చుగుద్దినట్టు మలచిన కాస్త గట్టి అట్ట. దీన్ని 'ఆర్థోటిక్' అంటారు. ఇది తాకిడిని మెత్తబరచడం కన్నా, పాదం కమాను మరీ కుంగిపోకుండా కిందనుంచి ఆనుకొని ఉంటుంది. కాపు బరువుకు వంగిన కొమ్మ కింద రైతు ఊతకర్ర నిలబెడతాడు చూడండి, అలాంటిదన్నమాట.

ఈ రెండింటి తేడా చిన్నదిగా కనిపిస్తుంది. అసలు కీలకం అందులోనే ఉంది.

సైన్యాలు చేసిన పరీక్షలు

సైనిక శిక్షణ కేంద్రం ఇలాంటి పరీక్షకు చక్కని చోటు. అందరూ ఇంచుమించు ఒకే వయసువాళ్ళు. ఒకే తిండి, ఒకే నిద్ర, ఒకే కవాతు. సగంమందికి అట్ట ఇచ్చి, సగంమందికి ఇవ్వకుండా చూస్తే తేడా తెలుస్తుంది.

ముందు ప్రమాదం ఎంత పెద్దదో చూడండి. 1985లో ప్రకటించిన ఒక ఇజ్రాయెల్ పరిశోధనలో 295 మంది కొత్త సైనికులను శిక్షణకాలమంతా కనిపెట్టి చూశారు. వారిలో నూటికి 31 మందికి ఎముకలో బీటలు కనిపించాయి. అన్ని సైన్యాలలోనూ ఇంత ఎక్కువ ఉండదు. ఈ వైద్యులు అనుమానం వచ్చినప్పుడల్లా వెతికి వెతికి చూశారు, అదీ ఒక కారణం.

1988లో అమెరికా మెరైన్ దళంలో 3,025 మందిమీద జరిపిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. తాకిడిని బాగా పీల్చుకొంటుందని పేరున్న పాలిమర్ అట్టలు కొందరికి, మామూలు అట్టలు మిగిలినవారికి ఇచ్చారు. 12 వారాల తరవాత చూస్తే రెండు జట్లలోనూ బీటలు వచ్చినవారు నూటికి ఒకరికి కాస్త పైగా ఉన్నారు. తేడా లేదు! కాని అదే పరీక్షలో మరో సంగతి బయటపడింది. దళంలో చేరకముందు ఎవరు ఎంత ఎక్కువ వ్యాయామం చేసి ఉన్నారో వారికి బీటలు అంత తక్కువ వచ్చాయి. నా మట్టుకు నాకు ఆ పరిశోధనలో అట్టలకన్నా ఈ సంగతే ముఖ్యమనిపిస్తుంది.

రెండేళ్ళు తిరిగేసరికి దక్షిణాఫ్రికానుంచి దీనికి భిన్నమైన ఫలితం వచ్చింది. అక్కడ 237 మందికి నియోప్రీన్ అట్టలు ఇచ్చారు, 1,151 మందికి ఇవ్వలేదు. 9 వారాలలో అట్టలు వేసుకొన్న జట్టులో కాలి బాధలు తక్కువ వచ్చాయి, మనం చెప్పుకొంటున్న నొప్పి కూడా తగ్గింది. ఎవరిని నమ్మాలి?

ఇక ఊతకర్ర జాతి అట్టల సంగతి. 2002లో డెన్మార్క్‌లో 146 మంది కొత్త సైనికులలో కొందరికి పాదానికి తగినట్టు తయారుచేసిన అట్టలు ఇచ్చి మూడు నెలలు చూశారు. కాలి ముందెముక నొప్పి వారిలో బాగా తగ్గింది. బ్రిటన్‌లో డార్ట్‌మత్ నౌకాదళ కళాశాలలో ఇంకొక మంచి ఉపాయం చేశారు. శిక్షణకు వచ్చినవారిని పీడనం కొలిచే పలకమీద నడిపించి, పాదంలో ఎక్కడ ఎంత బరువు పడుతున్నదో చూసి, ప్రమాదం ఎక్కువున్న 400 మందిని ఏరారు. 200 మందికి అట్టలు ఇచ్చారు, 200 మందికి ఇవ్వలేదు. 7 వారాలలో అట్టలున్నవారికి 21 దెబ్బలు, లేనివారికి 61. ఈ ఫలితం 2011లో ప్రకటించారు. సరిగ్గా అదే ఏడు ఫిన్లాండ్‌నుంచి 228 మందిమీద చేసిన పరీక్ష ఫలితం వచ్చింది - అట్టలవల్ల ఏ లాభమూ లేదని!

ఇక్కడ మీరొక ప్రశ్న అడగాలి. డార్ట్‌మత్‌లో రెండో జట్టుకు అసలు ఏమీ ఇవ్వలేదు. కొత్త అట్ట వేసుకొన్నవాడు, 'నాకు రక్షణ ఉంది' అనుకొని చిన్న నొప్పిని పట్టించుకోకపోవచ్చు కదా? అట్టలేనివాడు అదే నొప్పికి డాక్టరు దగ్గరకు పరుగెత్తవచ్చు కదా? అందుకే ఆస్ట్రేలియా నౌకాదళంలో 306 మందిమీద చేసిన పరీక్షలో రెండో జట్టుకు కూడా చూడటానికి అట్టలాగే ఉండి, వంపు లేని చదును అట్ట ఇచ్చారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం 11 వారాలలో వంపు అట్టవారికి కాలి బాధలు మూడో వంతు తక్కువ. అయితే, ఆ తేడా కేవలం యాదృచ్ఛికం కావడానికి కూడా అవకాశం ఉందని పరిశోధకులే రాశారు. పైగా పాదంలో పొక్కులు, అరికాలి నొప్పి వంటివి వంపు అట్టవారికే ఎక్కువ వచ్చాయి. ఊరికే వచ్చే లాభం ఏదీ ఉండదు మరి!

2005లో పరిశోధనలన్నీ కూడి చూసినవారు, మెత్తని అట్టలు బహుశా బీటలను తగ్గిస్తాయన్నారు. 2017లో మొత్తం 18 పరీక్షలను పక్కపక్కన పెట్టి మళ్ళీ తూచారు. ఈసారి వంపు అట్టలే నెగ్గాయి. ఎముక బీటలు వాటివల్ల నూటికి 40 వంతుల వరకు తగ్గినట్లు లెక్క తేలింది. మెత్తని చదును అట్టల మేలుకు రుజువు దొరకలేదు.

చిక్కం ఓడిపోయి ఊతకర్ర ఎందుకు గెలిచింది? పిక్క కండరాల సంగతి గుర్తుంచుకోమన్నాం కదా. పాదం కమాను అడుగడుగునా మరీ లోపలికి కుంగితే దాన్ని పైకి లాగి ఉంచడానికి ఆ కండరాలు ఎక్కువ పనిచేస్తాయి. అవి ఎముక వెనుక అంచును, దాని పైపొరను గుంజుతాయి. ఎముక కూడా ప్రతి అడుగుకూ అతి కొద్దిగా విల్లులా వంగుతుంది. నొప్పికి పైపొర గుంజుడు ముఖ్యమా, ఎముక వంగడం ముఖ్యమా అని వైద్యులు ఇప్పటికీ వాదించుకొంటున్నారు. ఏదైనా సరే, అది పైనుంచి పడిన దెబ్బ ఒక్కటే కాదు. కాబట్టి దెబ్బను మాత్రమే మెత్తబరిచే అట్ట సమస్యలో సగం జోలికే పోదు. ఇంకో కారణం, అట్ట మందం కొద్ది మిల్లీమీటర్లు. ప్రకృతి ఇచ్చిన కొవ్వు దిండు ముందు అదెంత?

మీ పాదం ఏ రకం?

పాదాన్ని తడిపి పొడి సిమెంటు నేలమీద అడుగు వేయండి. ముద్రలో వేళ్ళవైపు భాగాన్నీ మడమనూ కలిపే పట్టీ సగం వెడల్పున ఉంటే కమాను మామూలుది. పాదం అంతా పడితే చదునుపాదం. పట్టీ సన్నగానో, తెగిపోయో ఉంటే ఎత్తు కమాను. సైనిక నియామకాల వైద్యపరీక్షలో చదునుపాదాన్ని ప్రత్యేకంగా చూస్తారు. అయితే ఈ ముద్ర చూసి బూట్లు కొనుక్కోవాలని మాత్రం అనుకోకండి. అమెరికా సైన్యం కొత్తవారికి పాదం ఆకారాన్నిబట్టి వేరువేరు రకాల బూట్లు ఇచ్చి చూసింది. 2009-10 ప్రాంతంలో వచ్చిన ఫలితాలలో దెబ్బలు ఏమీ తగ్గలేదు.

బూటు పాదానికి సరిపోవడం వేరే సంగతి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా ప్రజల పాదాలు కొలిచింది. మన పాదాలు ఐరోపా, అమెరికా వారి పాదాలకన్నా వెడల్పని తేలింది. ఆ దేశాల కొలతలతో చేసిన బూటులో మనవాడి పాదం వేళ్ళదగ్గర ఇరుక్కుంటుంది. అందులో ఇంకొక అట్ట కూడా దూరిస్తే చెప్పనే అక్కరలేదు! అట్ట వేయాలంటే, దానితోపాటే బూటు తొడిగి చూసి కొనాలి. మొదటిరోజే వేసుకొని పరుగెత్తకుండా, కొద్దిరోజులు నడకలో అలవాటు చేసుకోవాలి.

మరి ర్యాలీకి సిద్ధమయ్యే మీ అన్నకో, అక్కకో ఏమి చెబుతారు? ఎముక నింపుకోవడానికి మూడు నెలలు పడుతుందని చూశాం కదా. కాబట్టి సాధన మూడు నాలుగు నెలల ముందే మొదలు కావాలి. మొదట నడక, నడకలో కాస్త పరుగు, వారం వారం కొద్దికొద్దిగా దూరం పెంచడం, వారంలో ఒకటి రెండు రోజులు విశ్రాంతి. అరిగిపోయిన బూట్లు మార్చాలి. ఎముక కట్టుకోవడానికి కాల్షియం, విటమిన్ 'డి' కావాలి. 2008లో వచ్చిన ఒక పరిశోధనలో, అమెరికా నౌకాదళంలో చేరిన యువతులకు రోజూ ఈ రెండూ ఇస్తే ఎముక బీటలు నూటికి 20 వంతులు తగ్గాయి. ఈ నొప్పి, బీటలు మగవారికన్నా ఆడవారికి ఎక్కువగా వస్తాయి కనుక అక్కలు మరీ గుర్తుంచుకోవాలి. మన ఇళ్ళలో కాల్షియానికి పాలు, పెరుగు ఉన్నాయి. రాగులున్నాయి - 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. చౌకలో ఇంతకన్నా మంచిది నాకు తెలియదు.

నొప్పి వచ్చేసిందా? అప్పుడు వేలితో నొక్కి చూడాలి. ఎముక లోపలి అంచు వెంబడి ఐదు సెంటీమీటర్లకు మించి, పొడవుగా పాకినట్టు నొప్పి ఉంటే అది షిన్ స్ప్లింట్స్ కావచ్చు. పరుగు మానేసి, నొప్పి పూర్తిగా పోయేవరకు కొన్ని వారాలు ఓపిక పట్టాలి. ఈలోగా ఈత కొట్టవచ్చు, నొప్పి లేకపోతే సైకిలు తొక్కవచ్చు. దమ్ము తగ్గకుండా ఉంటుంది. నొప్పి మాత్ర వేసుకొని పరుగెత్తడం మాత్రం కూడదు. ఆ మాత్ర ఎముకను అతికించదు, ఎముక పంపే కబురును వినబడకుండా చేస్తుంది.

అలా కాక, ఒక్క వేలిమొన పట్టేంత చోటే భరించలేనంత నొప్పి ఉంటే, కూర్చున్నా, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, అది బీట కావచ్చు. పిక్క బిగిసిపోయి పాదం తిమ్మిరెక్కితే అది మరో జబ్బు. ఈ రెండింటికీ ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. కొత్త బీట ఎక్స్‌రేలో మొదటి రెండు మూడు వారాలు కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుంది కదా అని మర్నాడే పరుగు మొదలుపెట్టకుండా, ఆ చోట నొప్పి అలాగే ఉంటే మళ్ళీ డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. అప్పుడు ఎం.ఆర్.ఐ. తీయిస్తారు. ఎక్స్‌రేకు చిక్కని బీట అందులో కనిపిస్తుంది.